మా మద్నూరు పెట్టెకు తెలుగు వచ్చిన వైనం

మొన్న దసరాకు మద్నూరు వెళ్ళి అటక దులుపుతుంటే మా పాత కంప్యూటరు పెట్టె బయటపడింది. ఒకనాడు తెల్లగా మెరిసిన దాని ముఖం ఇప్పుడు పాతనేతి రంగుకు తిరిగింది. మూత విప్పి చూద్దును గదా, లోపలి వైపున బాపు చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది. ‘విండోసు మూసి డాసులోనికి పోవలెను. పాత యూఎస్‌పీ పది దస్త్రమునకు వేరు పేరు పెట్టి దాచవలెను. అటుపిమ్మట కొత్తదానిని ఆ చోట ఉంచవలెను. తొందర కూడదు.’

బాపు తెలుగు పండితులు. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, కాగితం మీద పెట్టే భాష ఒకటి. అయితే ఆ నాలుగు వాక్యాలు ఆయన సొంతం కావు. సముద్రాల కావల ఎక్కడో కూర్చున్న ఒక అపరిచితుడు ఇంగ్లీషులో రాసి పంపిన సూచనలను ఆయన తెలుగు చేసుకున్నారు, అంతే. ఆ కాగితం చూసిన నాటినుండి ఈ టపా నన్ను వదలడం లేదు.

తెలుగు కంప్యూటర్ల చరిత్ర రాసేవారు సాధారణంగా ప్రమాణాల గురించి, సంస్థల గురించి, ఖతుల గురించి రాస్తారు. అవన్నీ నిజమే, అవసరమే. కాని మా వంటి ఊళ్ళకు తెలుగు వచ్చింది కొత్త కంప్యూటర్లతో కాదు, పట్నంలో వాడి పక్కన పెట్టిన పెట్టెలతో. ఆ పెట్టెలకు తెలుగు నేర్పినవారు వాటిని తయారుచేసినవారూ కారు, అమ్మినవారూ కారు. ఆ ముక్క చరిత్రలోకి ఎక్కలేదని నా మనసులో ఉన్నది.

ముందు మా ఊరి సంగతి రెండు మాటల్లో. మద్నూరు తెలంగాణకు వాయవ్యపు అంచు. సలాబత్‌పూర్ చెక్‌పోస్టు దాటితే మహారాష్ట్ర, దెగ్లూరు. హైదరాబాదుకన్నా నాందేడ్ మాకు దగ్గర. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లాలో చేరేదాకా మాది నిజామాబాదు జిల్లా. బజారులో నిలబడితే తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ నాలుగూ చెవిన పడతాయి. పత్తి బండి దగ్గర ఒకడు పత్తి అంటాడు, ఒకడు కాపూస్ అంటాడు, మరొకడు హత్తి, ఇంకొకడు కపాస్. జొన్నకు కూడా అంతే: జొన్న, జ్వారి, జోళ. పొలాల అమావాస్యనాడు ఎడ్లకు కొమ్ములు రంగు వేసేటప్పుడు ఒకే కొట్టంలో మూడు భాషల పాటలు వినిపిస్తాయి. బాపు ముప్పైయేళ్ళు బడిపంతులుగా తిరుగుతూ ఈ మాటలన్నీ నోటు పుస్తకాల్లోకి ఎక్కించారు. మాట, దాని అర్థం, ఏ ఊళ్ళో విన్నది, ఎవరు అన్నది. పదవీవిరమణ చేశాక వాటిని కంప్యూటరులో పెట్టాలని ఆయనకు పట్టుదల కలిగింది.

ఆ పట్టుదల కోసం 2003లో సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో పాత సామాను మధ్య వెదికి ఒక పెట్టె తెచ్చాను. 233 మెగాహెర్ట్జ్ పెంటియం, 32 మెగాబైట్ల జ్ఞాపకం, 2 గిగాబైట్లకు కాస్త ఎక్కువ డిస్కు, విండోస్ 98. ఏదో కార్యాలయంలో ఆరేడేళ్ళు నలిగి వచ్చింది. అమ్మినతను డీటీపీ చేసుకొనే ఒక తెలుగు ఖతిని కూడా అందులో వేసి ఇచ్చాడు. బాపు మూడేళ్ళపాటు రోజూ ఉదయం చాయ్ తాగి దాని ముందు కూర్చొని, ఒక్కొక్క మీటా వెదుక్కుంటూ, పదకొండు వందల మాటలు ఎక్కించారు. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

2006 వేసవిలో ఇంటి ఫోనుకు తీగ కలిపి, చీకటి పడ్డాక అంతర్జాలంలోకి వెళ్ళి, తెలుగు వికీపీడియా తెరిచాను. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు మొదలుపెట్టిన ఆ విజ్ఞానసర్వస్వం గురించి బాపుకు ఎంతో చెప్పి ఉన్నాను. పేజీ దిగడానికి మూడు నిమిషాలు పట్టింది. దిగినాక తెరనిండా డబ్బాలు. వరుసలు వరుసలుగా ఖాళీ డబ్బాలు.

“ఇదేనారా తెలుగు?” అన్నారు బాపు.

మీలో పాతకాపులకు ఆ డబ్బాలతో పరిచయం అక్కరలేదు. కొత్తవారి కోసం చెబుతాను. యూనికోడు మొదటి కూర్పు 1991లోనే వచ్చింది, అందులోనే తెలుగుకు 128 గళ్ళ స్థలం కేటాయించారు. దానికి మూలం మన దేశంలో 1988లో రూపుదిద్దుకున్న ఇస్కీ పద్ధతి. అంటే అక్షరాలకు అంకెలు ఇవ్వడం ఎప్పుడో అయిపోయింది. కాని అంకె ఉంటే అక్షరం కనబడదు. క, పొల్లు, ష అని మూడు అంకెలు వరుసగా వస్తే వాటిని కలిపి క్ష అని గీయాలి. గుణింతాన్ని తలకట్టు తీసి అతికించాలి, వత్తును కిందికి జార్చాలి. ఈ కూర్పు పని చేసే యంత్రాంగం ఒకటి కంప్యూటరులో ఉండాలి, ఆ యంత్రాంగానికి సూచనలు ఇచ్చే ఖతి ఒకటి ఉండాలి. 2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఖతితో సహా ఈ రెండూ తెచ్చింది. విండోస్ 2000కు హిందీ, తమిళం వచ్చుగాని తెలుగు రాదు. 98 సంగతి చెప్పనే అక్కరలేదు.

ఎక్స్‌పీ వేసుకోవచ్చు గదా అంటారేమో. దానికి కనీసం 64 మెగాబైట్ల జ్ఞాపకం కావాలి, మా పెట్టెలో ఉన్నది అందులో సగం. పైగా 2006 జులై 11తో తయారీదారు 98ని పూర్తిగా వదిలేశాడు. సరిగ్గా మేము తెలుగు కోసం తలుపు తట్టిన వేసవిలోనే ఆ ఇంటికి తాళం పడింది. ఎవరినడిగినా ఒకటే జవాబు: కొత్తది కొనండి. బాపు పింఛను లెక్కలు నాకు తెలుసు కాబట్టి ఆ మాట ఇంటిదాకా తీసుకుపోలేదు.

నేను అప్పట్లో నిజామాబాదులో చిన్న ఉద్యోగం చేస్తూ శనివారం శనివారం ఇంటికి వచ్చేవాణ్ణి. అక్కడి నెట్ సెంటరులో కూర్చొని నాకు వచ్చిన ఇంగ్లీషులో మా పెట్టె కష్టాలు జాలంలో వెళ్ళబోసుకున్నాను. ముగ్గురు జవాబిచ్చారు. ఒకాయన 98 వాడేవాళ్ళను మ్యూజియంలో పెట్టాలన్నాడు. ఇంకొకాయన ఏవో పది లంకెలిచ్చాడు, సగం పనిచేయలేదు. మూడో ఆయన మాత్రం ఎదురు ప్రశ్నలు వేశాడు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఎన్నో రూపు? సిస్టమ్ సంచిలో యూఎస్‌పీ10 అనే దస్త్రం ఉన్నదా? ఉంటే దాని రూపు సంఖ్య ఎంత? ఈ మూడూ చూసి రాయండి, తొందర లేదు అన్నాడు. ఆ ‘తొందర లేదు’ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. ప్రశ్న నిజామాబాదులో, పెట్టె మద్నూరులో. ఒక్కొక్క జవాబుకూ వారం పట్టేది. ఆయన వారాలూ ఆగాడు.

సంగతేమిటంటే, ఆ యూఎస్‌పీ10 అనే దస్త్రమే నేను పైన చెప్పిన కూర్పు యంత్రాంగం. కొత్త ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వేసుకున్నవారి 98లోకి అది తెలియకుండానే వచ్చి కూర్చునేది. కాని మా పెట్టెలోని పాత రూపుకు తెలుగు అక్షరాలను కూర్చడం రాదు. కొత్త రూపును తెచ్చి దాని స్థానంలో పెడితే 98కి తెలియకుండా 98కే తెలుగు వస్తుంది. విండోస్ నడుస్తుండగా ఆ దస్త్రాన్ని కదపనివ్వదు గనుక డాసులోకి దిగి మార్చాలి. ఇక ఖతి విషయానికొస్తే, తిరుమల కృష్ణ దేశికాచారి గారు తయారుచేసి ఉచితంగా పంచిన పోతన2000 ఉండనే ఉంది. ఆ రోజుల్లో పోతన, వేమన అంటే కవుల కన్నా ముందు ఖతులు గుర్తుకొచ్చేవి మనకు! ఆ దస్త్రాన్ని అలా చేతులు మార్చుకోవచ్చునా అని అప్పుడు ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఖతి, దస్త్రం రెండూ కలిపి ఒక్క ఫ్లాపీలో పట్టాయి. చొక్కా జేబులో పెట్టుకొని బోధను మీదుగా బస్సులో వచ్చాను. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే, మొదటిసారి దస్త్రాన్ని తప్పు సంచిలో పెట్టాను. రెండోసారి పెట్టె లేచింది, ఫోను కలిసింది, పేజీ దిగింది. డబ్బాల చోట అక్షరాలు. అక్కడక్కడ వత్తులు పక్కకు జరిగినా, అవి అక్షరాలే. బాపు కళ్ళద్దాలు తుడుచుకొని, తెరకు దగ్గరగా వంగి, పేజీ మొత్తం పైకి చదివారు, ఏదో ఊరి జనాభా లెక్కలతో సహా. మర్నాడు పొద్దున ఆ సూచనలను తెలుగులో రాసి మూతలో అంటించారు. మళ్ళీ ఎప్పుడైనా పెట్టె చెడితే నా కోసం శనివారందాకా ఆగనక్కరలేకుండా.

ఇలా ముఖం తెలియనివారు తెలుగును మోసుకురావడం మాతో మొదలు కాలేదు. 1980లలో కంప్యూటరుకు తెలుగు రావాలంటే అక్షరాలా ఒక కార్డు గుచ్చాలి. కాన్పూరు ఐఐటీలో పుట్టి, తరువాత పుణే సీడాక్ ద్వారా బయటికొచ్చిన ఆ జిస్ట్ కార్డు లోపలే భారతీయ లిపుల కూర్పంతా ఉండేది. కార్యాలయాలకు సరే, సొంతంగా కొనుక్కోగలిగినవారు ఎందరు? అదే కాలపు చివరన అమెరికాలో చదువుకోవడానికి వెళ్ళిన మనవాళ్ళ ముందు ఉన్నవి యూనిక్స్ తెరలు, ఇంగ్లీషు మీటలు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు 1990ల తొలినాళ్ళలో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసే ఒక కట్టుబాటు చేశారు. చిన్న ‘టీ’ కొడితే త, పెద్ద ‘టీ’ కొడితే ట. చిన్న ‘ఎన్’ న, పెద్ద ‘ఎన్’ ణ. మనం ఆర్‌టీఎస్ అని పిలుచుకొనేది అదే. దాని గొప్పతనమంతా అది ఏ కొత్త యంత్రాన్నీ అడగకపోవడంలో ఉంది. ఏ పాత తెరమీదైనా, ఏ కీబోర్డుమీదైనా నడుస్తుంది. ఎవరికి వారు ఎక్కడెక్కడో కూర్చొని ఆ లిపిలో పద్యాలు రాసుకున్నారు, పోట్లాడుకున్నారు, పోతనను ఎక్కించుకున్నారు. 2006లో వీవెన్ గారు లేఖినిని తెచ్చినప్పుడు మనం అంత సులభంగా అందులో చెయ్యి తిప్పగలిగామంటే, పదిహేనేళ్ళ ఆ అలవాటు కింద పరిచి ఉండడమే కారణం.

తెలుగు దాటి చూసినా ఇదే వరస. 1991 ఆగస్టులో హెల్సింకీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ తన 386 కంప్యూటరు కోసం రాసుకుంటున్న నిర్వాహక వ్యవస్థ గురించి జాలంలో తెలియనివారికి చెప్పి సలహాలడిగాడు. లినక్స్ అలా పుట్టింది. 386 చిప్పు 1985 నాటిది. తయారుచేసిన ఇంటెల్ 2007లో దాని తయారీ ఆపేస్తే, లినక్సువారు దానికి 2012 డిసెంబరుదాకా చోటిచ్చారు. అమ్మినవాడు వదిలేశాక కూడా అయిదేళ్ళు!

ఆ ఉత్సాహంలో నేనూ మా పెట్టెలో లినక్సు పెట్టబోయాను. యాభై మెగాబైట్లలో ఇమిడే డ్యామ్ స్మాల్ లినక్స్ అనేది ఒకటుండేది, పాత పెట్టెలకు ప్రాణం పోస్తుందని పేరు. చక్కగా లేచింది కూడా. కాని మా మోడెం పలకలేదు. చవక మోడెములలో అసలు పని చేసే చిప్పు తీసేసి, ఆ పనిని విండోస్ కోసం రాసిన ప్రోగ్రాము చేత కంప్యూటరు మీదే వేసేవారు. విండోస్ లేకపోతే అది వట్టి రేకు. చిప్పు మీది సంఖ్య రాసి పంపితే ఒకాయన రెండు రోజులు వెదికి, “దీనికి లేదు, ఇక రాదు కూడా. మీరు 98లోనే ఉండండి” అని రాశాడు. లేనిదాన్ని లేదని చెప్పడానికి కూడా ఎవరైనా రెండు రోజులు కష్టపడాలి గదా. నాకది పెద్ద ఉపకారంగానే తోచింది.

అసలు గండం 2007 వానాకాలంలో వచ్చింది. డిస్కు టక్‌టక్‌మని కొట్టుకోసాగింది. బాపు మాటలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక నోటు పుస్తకం అప్పటికే చెదల పాలయింది గనుక ఆ భాగానికి ఆ డిస్కు తప్ప వేరే ఆధారం లేదు. నిజామాబాదులో దొరికినవాటిలోకెల్లా చిన్నది, 40 గిగాబైట్ల కొత్త డిస్కు కొన్నాను. పెడితే పెట్టె లేవలేదు. డిస్కును గుర్తుపట్టే చోటికి వచ్చి రాయిలా ఆగిపోయేది. పెట్టెను బస్సులో వేసుకొని నిజామాబాదు మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాను.

“సార్, బోర్డు వొయ్యింది. గిప్పుడు గీటికి స్పేర్లు యాడ దొరుకుతయి? కొత్తది దీస్కోండ్రి, నేనే సెట్ జేసిస్త” అన్నాడు. అతణ్ణి తప్పుపట్టను. రోజుకు ఇరవై పెట్టెలు చూసే మనిషి, పదేళ్ళ బోర్డు మీద పొద్దు పుచ్చలేడు.

మళ్ళీ జాలం, మళ్ళీ మొర. ఈసారి మొదట వచ్చిన సలహా పాత డిస్కును ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒక రాత్రి ఫ్రిజ్‌లో మంచుగడ్డల అరలో పెట్టమని. అపరిచితులందరూ ధన్వంతరులు కారని చెప్పడానికే ఇది రాస్తున్నాను. అమ్మ ఆ ప్రయోగానికి ఒప్పుకోలేదు, మంచిదయింది. రెండు రోజుల తరువాత మరొకరు రాశారు: ‘పెట్టె లేచేటప్పుడు తెరమీద మొట్టమొదటి వరుసలో ఏముంది? అక్షరం పొల్లుపోకుండా రాయండి.’ రాశాను. అవార్డ్ బయోస్ అని, దాని సంఖ్య, ఏడాది. వెంటనే జవాబు: బోర్డు పోలేదు, దానికి అంత పెద్ద అంకె లెక్కపెట్టడం రాదు.

దాని లోగుట్టు ఇది. ఆ కాలపు బయోసులు డిస్కును సిలిండర్లుగా, తలలుగా, సెక్టర్లుగా లెక్కించేవి. తలలు 16, సెక్టర్లు 63, ఒక్కో సెక్టరులో 512 బైట్లు. సిలిండర్ల సంఖ్యను పదహారు బిట్లలో రాసుకొనేవి, అంటే 65,535 దాటితే రాయడానికి చోటు లేదు. అన్నీ గుణిస్తే సుమారు 33.8 గిగాబైట్లు. అంతకన్నా పెద్ద డిస్కు ఎదురుపడితే మా పెట్టె వేళ్ళు అయిపోయిన పిల్లవాడిలా అక్కడే కూర్చుండిపోతుంది. అంతకుముందు తరాలలో 528 మెగాబైట్ల దగ్గర ఒకటి, 8.4 గిగాబైట్ల దగ్గర ఒకటి ఇలాంటి గోడలే ఉండేవి. ప్రతి తరం ఇంజనీరూ ఇంత పెద్ద డిస్కు ఎవడు కొంటాడులే అనుకొనే కట్టి ఉంటాడు.

డిస్కులు చేసేవారికి ఈ గోడ సంగతి తెలుసు. అందుకే డిస్కు వెనుక సూదుల మీద పెసరగింజంత నల్లటి టోపీ ఒకటి మార్చి పెడితే, అది తాను 32 గిగాబైట్లదాన్నేనని అబద్ధమాడే ఏర్పాటు చేశారు. ఏ సూదుల మీద పెట్టాలో డిస్కు మీది కాగితంలోనే అచ్చువేసి ఉంది. నేను చూడలేదు, మెకానిక్కూ చూడలేదు. ఎక్కడో ఉన్న ఆయన చూడకుండానే చెప్పాడు. పట్టకారుతో ఆ టోపీ మార్చాను. పెట్టె లేచింది. ఎనిమిది గిగాబైట్లు పోతే పోయాయి, మొత్తం పాత డిస్కుకు నాలుగు రెట్లు అది!

తరువాత పాత డిస్కును రెండోదానిగా తగిలించి, బాపు సంచిని ముందు లాగాం. అరగంట నడిచి, ఆగింది. మాటలన్నీ వచ్చాయి. ఖతులున్న సంచి మాత్రం రాలేదు.

అప్పుడుగాని నాకు అర్థం కాలేదు, ఖతి పోతే మాటలూ పోయినట్లేనని. యూనికోడుకు ముందటి తెలుగు ఖతులన్నీ ఒక రకం మోసం. ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు ముక్కలు దాచేవి. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో సున్న, మరొకదానిలో క్రావడి. ఈనాడుకు ఒక పద్ధతి, వార్తకు ఒక పద్ధతి, డీటీపీవారిలో ఎవరిది వారిదే. ఖతి ఉన్నంతసేపు తెలుగు, ఖతి తీసేస్తే గుర్తుల గందరగోళం. బాపు మూడేళ్ళ పని ఆశ్చర్యార్థకాలుగా, డాలరు గుర్తులుగా తెరమీద పరచుకొని ఉంది. “అన్ని ఉన్నయిగని ఒక్కటి గూడ లేదన్నట్టేనా?” అన్నారాయన. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ఇలాంటి చిక్కుకే నాగార్జున గారు పద్మ అనే పొడిగింతను ఫైర్‌ఫాక్స్ విహారిణి కోసం రాసి ఉన్నారు. తెలిసిన ఖతులలో ఉన్న పేజీని యూనికోడులోకి తిప్పేస్తుంది. ఆ రోజుల్లో మనలో ఎందరో పత్రికలు దానితోనే చదివారు. దాని మూలం అందరికీ తెరిచి ఉంది, ప్రతి ఖతికీ ఒక పట్టిక. మా ఖతి పట్టిక అందులో లేదు. దస్త్రంలోని ఒక పుట జాలంలో పెట్టి అడిగాను. ఒకావిడ, ఇది ఫలానా ఖతికి చుట్టంలా ఉందే అని గుర్తుపట్టి, ఆ పట్టికనే కాస్త మార్చి పంపారు. సగం మాటలు తేలాయి. క్రావడి ఒక ఖతిలో హల్లుకు ముందు వస్తుంది, మరొకదానిలో వెనుక. ఐత్వం రెండు ముక్కలుగా వస్తుంది. అవన్నీ మేము అర్థాల వరుస పక్కన పెట్టుకొని, ఈ గుర్తు ఈ అక్షరమై ఉండాలి అని ఊహించి రాస్తే, ఆవిడ మళ్ళీ పట్టిక సరిచేసి పంపేవారు. ఇలా నాలుగు నెలలు. 32 మెగాబైట్ల పెట్టెలో ఫైర్‌ఫాక్స్ లేవడానికే ఒక చాయ్ తాగి రావచ్చు, పట్టిక నడవడానికి రెండో చాయ్. 98లోని నోట్‌ప్యాడ్‌కు యూనికోడు రాదు కాబట్టి వచ్చిన ఫలితాన్ని నాకు నేనే వేగుగా పంపుకొనేవాణ్ణి.

ఆవిడ పేరు వేగులలో సగమే ఉండేది. ఏ ఊరో అడగలేదు. బాపు మాత్రం ఒకసారి, “ఆ బిడ్డకు మన జొన్నరొట్టె తినిపియ్యాలెరా” అన్నారు.

2008 ఎండాకాలానికి పదకొండు వందల పైచిలుకు మాటలలో నలభై మూడు తప్ప అన్నీ తెలుగులోకి వచ్చాయి. ఫైర్‌ఫాక్స్ కూడా ఆ ఏడాదే మూడో రూపుతో 98కి సెలవు చెప్పింది. కొన్నాళ్ళకు చెల్లెలి పాత ల్యాప్‌టాప్ ఇంటికి వచ్చింది, పెట్టె అటకెక్కింది. పోతన2000, వేమన2000 ఖతులు డెబియన్ లినక్సులో చేరాయి. యూఎస్‌పీ10 దస్త్రం కోసం ఎవరూ వెదకడం మానేశారు. ఇప్పుడు చేతిలోని ఫోనులో తెలుగు వచ్చేదాకా ఒక్క డబ్బా కనబడదు. ఇవన్నీ మంచి మార్పులే, వాటికి నేను కన్నీరు కార్చను.

బాపు పోయి ఆరేళ్ళయింది. మొన్న పెట్టెలో నాణెంలాంటి బ్యాటరీ మార్చి మీట నొక్కితే, 1980 జనవరి 1 అని చూపిస్తూ లేచింది. టోపీ పెట్టిన డిస్కు ఇంకా తనను 32 గిగాబైట్లదనే చెప్పుకుంటోంది. తేలని ఆ నలభై మూడు మాటలను మళ్ళీ తీశాను. అర్థాలు స్పష్టంగానే ఉన్నాయి, మాటలే లేవు. ఒకదానికి ఎదురుగా ‘పత్తి ఏరిన పిమ్మట చేలో మిగులు కట్టె’ అని ఉంది. మొదటి అక్షరం ప, చివరిది టి. నడుమ ఉన్న గడి ఏమిటో ఏ పట్టికా చెప్పదు. దెగ్లూరు బజారుకు పోయి పత్తి అమ్ముకొనేవారిని అడిగాను. ఒకాయన పరాటి అన్నాడు. పక్కనున్నాయన కాదు, పళాటి అన్నాడు. ఇద్దరూ వాళ్ళ ఊళ్ళో అలాగే అంటారట. బాపు విన్నది ఎవరి నోట, రాసింది ఏ అక్షరం అన్నది ఆ ఖతి దొరికితే తప్ప తేలదు.

కాబట్టి మిత్రులారా, మీలో ఎవరి అటకమీదనైనా 1990ల నాటి తెలుగు డీటీపీ ఖతుల ఫ్లాపీలు ఉంటే పారేయకండి, ఒక మాట చెప్పండి. చదవడానికి మీ దగ్గర ఏమీ లేకపోయినా ఫరవాలేదు. ఫ్లాపీ తిరిగే పెట్టె మా దగ్గర ఉంది.